నాలుగడుగుల గుమ్మం

షోలాపూరులో రాత్రి సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి దాదర్‌లో దిగవచ్చు. పెళ్లయి షోలాపూరు వచ్చిన ఈ ముప్పై ఎనిమిదేళ్లలో పుట్టింటికి ఎన్నిసార్లు వెళ్లానో లెక్క లేదు. ప్రతిసారీ దాదర్ నుంచి వర్లీ వైపు టాక్సీలో వెళ్లడం, అదే చాల్ ముందు దిగడం, అవే మెట్లు ఎక్కడం. ఈ సంక్రాంతి సెలవుల్లో మాత్రం టాక్సీ దిగి ఎటు చూడాలో తెలియక నిలబడిపోయాను. ముందు నలభై అంతస్తుల మేడ. అందులో పద్దెనిమిదో అంతస్తులో మా అన్నయ్య ఇల్లు. పుట్టింటికి లిఫ్టులో వెళ్లడం అదే మొదటిసారి.

లిఫ్టు దిగి గంట కొట్టాను. వదినె తలుపు తీసింది. తీసింది అంటే సగం తీసింది. అంతకు మించి ఆ తలుపు తెరుచుకోలేదు. సందులోంచి పక్కకు తిరిగి, సంచీని తల మీద నుంచి అందించి లోపలికి వెళ్లాను. తలుపు వెనక ఏదో జారి పడ్డ చప్పుడైంది.

"అడుగు జూసి వెయ్యి, చెప్పులున్నయి" అంది వదినె.

నవ్వుకున్నాం గానీ, హాల్లో బాపు కుడిచేతి మణికట్టుకు కట్టు చూశాక నవ్వు ఆగిపోయింది. డిసెంబరులో ఒక సాయంత్రం ఇంట్లో ఎవరూ లేనప్పుడు గంట మోగితే తలుపు తీయడానికి లేచాడట. గుమ్మంలో లైటు లేదు. ఎవరిదో బూటు కాలికి తగిలి పడ్డాడు. ఎముక చిట్లింది. అప్పటి నుంచి అన్నయ్య "గంట మోగినా నువ్వు లేవకు బాపూ" అని గట్టిగా చెప్పాడు. బాపు లేవడం మానేశాడు. మాట్లాడడం కూడా చాలావరకు మానేశాడు.

ఎనభై నాలుగేళ్ల మనిషి. వయసు వల్ల అనుకున్నారు ఇంట్లోవాళ్లు. నేనూ మొదటిరోజు అలాగే అనుకున్నాను.

పాత గుమ్మం

మా పాత ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. బొంబాయి మిల్లులు నిండుగా నడుస్తున్న రోజుల్లో కార్మికులకు ఇళ్లు చాలకపోతే, 1920లో ఏర్పడిన బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ చాల్‌లు కట్టించింది. అందుకే వాటికి బీడీడీ చాల్‌లని పేరు. వర్లీ, నాయ్‌గావ్, ఎన్.ఎం. జోషి మార్గ్, సేవ్రీ నాలుగు చోట్లా కలిపి 207 భవనాలు. ఒక్క వర్లీలోనే 121. ప్రతి భవనంలో కింది అంతస్తూ, పైన మూడూ. అంతస్తుకు ఇరవై గదులు. మధ్యలో పొడుగాటి వసారా, దానికి ఇరువైపులా పదేసి గదులు. గది 160 చదరపు అడుగులు. అందులోనే వంట, పడక, మూలన మోరీ, పైన అటక. మరుగుదొడ్లు మాత్రం అంతస్తంతటికీ ఉమ్మడి.

తెలంగాణ నుంచి మగ్గం పని తెలిసిన మనవాళ్లు చాలామంది ఆ మిల్లుల్లో చేరారు. మా బాపు 1962లో ఇరవయ్యేళ్ల వయసులో వచ్చాడు. అమ్మ మన ఊళ్ల నుంచి ఒంటరిగా వచ్చిన మిల్లువాళ్లకు రెండుపూటలా వండిపెట్టేది. భోజనాల వేళ మా గుమ్మం ముందు పది పన్నెండు జతల చెప్పులుండేవి. అయినా ఎవరూ తట్టుకుని పడిన జ్ఞాపకం లేదు. అమ్మ దగ్గర రెండు కట్టుబాట్లుండేవి. చెప్పులన్నీ తలుపుకు ఒకే పక్కన, ముక్కులు గోడవైపు పెట్టాలి. గడపకు ఎదురుగా ముగ్గు పడేంత జాగా ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. మిల్లు జాబర్ అయినా సరే, ఆ జాగాలో చెప్పులు విడిస్తే అమ్మ ఊరుకునేది కాదు.

తలుపుకు రెండో పక్కన బాపు స్టూలు. మిల్లులో పారేసిన పెట్టె చెక్కలతో తనే చేసుకున్నది. డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, టీ గ్లాసుతో అక్కడ కూర్చునేవాడు. వసారాలో వచ్చేపోయే ప్రతి మనిషీ ఆయనతో ఒక మాట అని పోవాల్సిందే. కొంకణం వాళ్లు, సతారా వాళ్లు, మనవాళ్లు అందరూనూ. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మిల్లుల సమ్మె మొదలై దాదాపు రెండున్నర లక్షల మంది పని మానేసినప్పుడు నాకు పద్నాలుగేళ్లు. ఆ రోజుల్లో రాత్రి చాలా పొద్దుపోయేదాకా ఆ స్టూలు చుట్టూ మగవాళ్లు నేల మీద కూర్చుని ఉండేవారు. ఎవరింట్లో బియ్యం అయిపోయాయో, ఎవరి పిల్లకు జ్వరమో అక్కడే తెలిసేది. ఆ సమ్మె తరువాత బాపుకు మిల్లు పని మళ్లీ దొరకలేదు. వాచ్‌మన్‌గా చేశాడు. స్టూలు మాత్రం కదలలేదు.

మన ఇళ్లకు ముందు ఇలాంటి జాగా ఒకటి ఎప్పుడూ ఉంది. మనం అరుగు అంటాం. మద్రాసువాళ్లకు అది తిణ్ణై, బెంగళూరువాళ్లకు జగలి, మరాఠీవాళ్లకు ఓసరి, ఒరియావాళ్లకు పిండా. షోలాపూరు తూర్పు భాగంలో మా అత్తవారి రెండు గదుల ఇంటికి అరుగు లేదు, గడప ఒక్కటే ఉంది. మా అత్తమ్మ వెలుగు కోసం ఆ గడప దగ్గరే కూర్చుని, ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుట్టేది. ఎదురింటావిడ తన గడప దగ్గర చుట్టేది. ఇద్దరి మాటలూ వీధికి అడ్డంగా నడిచేవి. జాగా ఎంత చిన్నదైనా అది సామాన్ల కోసం ఉంచుకున్నది కాదు, మనుషుల కోసం ఉంచుకున్నది.

కొత్త గుమ్మం

వర్లీ చాల్‌లను పడగొట్టి కొత్త ఇళ్లు కట్టే పనికి 2017 ఏప్రిల్‌లో భూమిపూజ జరిగింది. 2025 ఆగస్టులో మొదటి విడతగా 556 కుటుంబాలకు తాళాలిచ్చారు. ఒక్కొక్క ఇల్లు 500 చదరపు అడుగులు. మావాళ్లకు అందులో ఒకటి వచ్చింది. 160 నుంచి 500 అంటే మూడింతలకు పైన. ఇంట్లోనే మరుగుదొడ్డి, రోజంతా కుళాయిలో నీళ్లు, కిటికీలోంచి గాలి. అమ్మ ఉండి చూసి ఉంటే బాగుండేదని అందరం అనుకున్నాం.

మరి ఇంత ఇంట్లో గుమ్మం ఎందుకు ఇరుకైంది? రెండోరోజు పొద్దున దర్జీ టేపు తీసుకుని కొలిచాను. తలుపు తీయగానే నాలుగడుగుల వెడల్పు, అయిదడుగుల పొడుగు ఉన్న చిన్న నడవ. దాని చివర హాలు. తలుపు రెక్క మూడడుగుల మూడంగుళాలు. అది ఎడమ గోడవైపు తెరుచుకుంటుంది. ఆ గోడ పొడుగునా సామాను ఉంది కాబట్టి సగంలోనే ఆగిపోతోంది.

"ఏం చెయ్యాలె వదినె, ఇల్లు పెద్దగైతే సామాను అంతకంటె పెద్దగైంది" అని వదినే నన్ను "వదినె" అని ఎగతాళి చేసింది.

ఇద్దరం చీరలు ఎగ్గట్టి అన్నీ హాల్లోకి తెచ్చి పరిచాం. ఇంట్లో అయిదుగురు మనుషులు. చెప్పులు, బూట్లు కలిపి ఇరవై ఏడు జతలు. ఆ నెలలో తొడిగినవి ఏవని అడిగితే పదకొండు తేలాయి. గొడుగులు ఆరు, అందులో మూడింటికి ఊచలు విరిగాయి. హెల్మెట్లు రెండు. కొరియర్‌లో వచ్చిన ఖాళీ అట్టపెట్టెలు పద్నాలుగు. నెలన్నర పేపర్లు. మేనల్లుడి క్రికెట్ బ్యాటు. కరెంటు బిల్లులు, మందుల చీటీలు, గణపతి మండలి రసీదులు. అన్నిటికంటే ఎక్కువ జాగా తిన్నవి రెండు నీలం డ్రమ్ములు, నిండా నీళ్లతో.

"కుళాయిల నీళ్లు వస్తనే ఉన్నయి గద, ఇవెందుకు?" అన్నాను.

వదినె కాసేపు మాట్లాడలేదు. "ముప్పై ఏండ్లు పొద్దుగాల లేచి నీళ్లు పట్టిన. నిండిన డ్రమ్ము కండ్లకు కనవడకుంటె నిద్ర వట్టది" అంది.

నాకు ఇంకేమీ అనబుద్ధి కాలేదు. ఇలాంటి పనుల్లో మనం చేసే పొరపాటు ఇదే. ఎదుటివారి సామానంతా చెత్తలా కనిపిస్తుంది. ప్రతి వస్తువు వెనక ఒక భయమో, ఒక అలవాటో ఉంటుంది. ఒక డ్రమ్మును ఖాళీ చేసి బియ్యానికి వాడుకుంటానని తనే చెప్పింది. రెండోదాన్ని వంటింటి పక్క మూలకు జరిపాం. నీళ్లతోనే ఉంది.

అట్టపెట్టెలు, పాత పేపర్లు రద్దీవాలాకు వెళ్లాయి. బాగున్న చెప్పుల జతలు అయిదు, పని చేసే అమ్మాయి తమ్ముళ్లకు పనికొస్తాయంటే ఇచ్చాం. తెగినవి పారేశాం. పండుగలకు వేసుకునేవి డబ్బాల్లో పెట్టి మంచం కిందికి తోశాం. ఇక గుమ్మంలో ఏది ఉండాలనే ప్రశ్న వచ్చింది. మేనకోడలు ఒక చెప్పుల బీరువా బొమ్మ చూపించింది. అన్నయ్య అరలు కొట్టిద్దామన్నాడు. అప్పుడు బాపు లోపలి గది నుంచి అన్నాడు. అంతసేపూ వింటున్నాడని మాకు తెలియదు.

"మీ అమ్మ ఏమనేది? రేపు పొద్దుగాల బయటికి వొయ్యేది ఏదో గదే గుమ్మం కాడ ఉండాలె. కడమదంత లోపటికి."

అంతే. ఆ ఒక్క మాటతో లెక్క తేలిపోయింది.

మేం చేసిన ఏర్పాటు

చదివేవారికి పనికి వస్తుందని కొలతలతో సహా చెబుతున్నాను.

తలుపు తెరుచుకునే ఎడమ గోడ పూర్తిగా ఖాళీ. అక్కడ మేకు కూడా లేదు. తలుపు ఇప్పుడు గోడకు ఆని నిలబడుతుంది.

కుడి గోడకు మూడడుగుల పొడుగున్న చెప్పుల స్టాండు. ఒక జత పక్కపక్కన పెడితే సుమారు తొమ్మిదంగుళాలు పడుతుంది, అంటే ఒక పలక మీద నాలుగు జతలు, మూడు పలకల మీద పన్నెండు. మనిషికి రెండేసి చొప్పున అయిదుగురికి పది, వచ్చినవాళ్లకు రెండు జాగాలు. పలకలు ఏటవాలుగా బిగిస్తే స్టాండు తొమ్మిదంగుళాల కంటే ముందుకు రాదు. నాలుగడుగుల నడవలో మూడడుగులకు పైగా నడిచే దారి మిగిలింది. మూడో జత గుమ్మంలోకి రావాలంటే ఒక జత లోపలికి వెళ్లాలి. ఈ షరతుకు మేనల్లుడు రెండు రోజులు గొణిగాడు.

తలుపులున్న బీరువా వద్దన్నాను. బొంబాయిలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా తడిసిన చెప్పులే ఇంటికి వస్తాయి. మూసిన అరల్లో పెడితే బూజు, వాసన. పలకల మధ్య సందులుండి గాలి ఆడేదే మేలు. తడి గొడుగులకు స్నానాలగదిలో ఒక బకెట్టు. గుమ్మంలో ఎండిన గొడుగు మాత్రమే, అది కూడా ఇంటికి రెండు చాలు.

స్టాండు పైన, బాపు చెయ్యి అందే ఎత్తులో ఒక చెక్క. దానికి తాళాల కొక్కేలు అయిదు, బిల్లులకు ఒక చిన్న పళ్లెం. పళ్లెం నిండితే ఆదివారం ఖాళీ చెయ్యాలి. ఆ చెక్క కొన్నది కాదు. పాత గది ఖాళీ చేసేటప్పుడు అటక పలకను వదల్లేక అన్నయ్య వెంట తెచ్చుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక మంచం వెనక దాచాడు. కోయించి రందా పట్టిస్తే లోపల చెక్క ఎర్రగా, గట్టిగా ఉంది.

స్విచ్చు వెతుక్కునే పని లేకుండా రాత్రంతా వెలిగే చిన్న ఎల్.ఇ.డి. బల్బు ఒకటి పెట్టాం. జారే డోర్‌మ్యాట్ తీసేసి, అడుగున రబ్బరు ఉన్నది వేశాం. పెద్దవాళ్లున్న ఇళ్లలో ఈ రెండూ ముందు చెయ్యండి, మిగతావి తరువాత.

ఇంకొక మాట. సామాను తగ్గించలేక కొందరు చెప్పుల స్టాండును తలుపు బయట, ఉమ్మడి వరండాలోకి తోసేస్తారు. చాల్‌లో మేమంతా అలాగే చేసేవాళ్లం, పెట్టెలూ సైకిళ్లూ అన్నీ వసారాలోనే. అది తప్పని అప్పుడు తోచలేదు. నలభై అంతస్తుల మేడలో నిప్పంటుకుంటే లిఫ్టు పనికిరాదు. పొగలో గోడ తడుముకుంటూ మెట్ల దాకా వెళ్లాల్సింది ఆ వరండాలోనే. బయటికి పోయే దారుల్లో ఏ అడ్డూ ఉండకూడదని నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతోంది. బూటు తగిలి బాపు పడిన ఇంట్లో ఈ సంగతి విడమరచి చెప్పాల్సిన అవసరం రాలేదు. తలుపు బయట ఇప్పుడు వదినె వేసే జానెడు ముగ్గు ఒక్కటే ఉంది.

స్టూలు

చెప్పుల స్టాండు పక్కన, హాలు వైపు, ఒకటిన్నర అడుగుల గోడ మిగిలింది. అక్కడ ఏం పెడదామని మేనకోడలు అడిగింది. పూలకుండీ అంది, అద్దం అంది. నేను బాల్కనీలోకి వెళ్లాను. బట్టల సబ్బుల డబ్బా కింద బాపు స్టూలు ఉంది. కడిగి తెచ్చి అక్కడ పెట్టాను. సరిగ్గా పట్టింది.

బాపు చూశాడు, ఏమీ అనలేదు. ఆ రోజు కూర్చోలేదు. మరునాడూ కూర్చోలేదు.

వదినె బయటి తలుపుకు ముందే జాలీ తలుపు పెట్టించింది. కానీ లోపలి చెక్క తలుపు పూర్తిగా తెరుచుకోదు కనుక అది ఎప్పుడూ మూసే ఉండేది. జాలీ ఉన్నా లేనట్టే. నాలుగోరోజు సాయంత్రం చెక్క తలుపును గోడకు ఆనించి, జాలీ తలుపుకు గొళ్లెం పెట్టి, టీ గ్లాసు తెచ్చి స్టూలు పక్కన చెక్క మీద పెట్టాను. "బాపూ, చాయ్ ఈడ వెట్టిన" అని చెప్పి వంటింట్లోకి వెళ్లిపోయాను.

కాసేపటికి స్టూలు కిర్రుమన్న చప్పుడు వినిపించింది. వదినె, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

కొత్త ఇళ్లను చీటీలు తీసి పంచారు. అందువల్ల పాత చాల్‌లో ఎదురుగదివాళ్లు ఇప్పుడు ఏ అంతస్తులో ఉన్నారో చాలామందికి తెలియదు. అందరి తలుపులూ మూసే ఉంటాయి. ఆ సాయంత్రం లిఫ్టు ఆగింది. కూరగాయల సంచీతో ఒక పెద్దాయన మా తలుపు దాటి నాలుగడుగులు వెళ్లి, వెనక్కి వచ్చాడు. జాలీలోంచి లోపలికి చూశాడు. బాపును మరాఠీలో "కాకా, మీరు ఇక్కడా?" అన్నాడు. పాత చాల్‌లో మా పై అంతస్తు ఆయన. సమ్మె రోజుల్లో ఆ స్టూలు చుట్టూ నేల మీద కూర్చున్న కుర్రవాళ్లలో ఒకడు. నాలుగు నెలలుగా ఇదే అంతస్తులో, మూడు తలుపుల అవతల ఉంటున్నాడు.

బాపు లేచాడు. కట్టు లేని చేత్తో తనే గొళ్లెం తీశాడు. అన్నయ్య వద్దనబోయి ఊరుకున్నాడు. కాలికి తగలడానికి అక్కడ ఏమీ లేదు.

ఆ రాత్రి అన్నం తినేటప్పుడు బాపు చాలాసేపు మాట్లాడాడు. ఎక్కువగా ఆ పెద్దాయన సంగతులే. మధ్యలో ఒక మాట అన్నాడు: "తలుపు తీస్తె మనిషికి మనిషి కనవడాలె. ఇన్ని దినాలు చెప్పులు కనవడ్డయి."

మరునాడు రాత్రి బండికి నేను షోలాపూరు తిరిగి వచ్చేశాను. వచ్చిన వెంటనే మా సొంత గడప దగ్గర కుప్పబడిన సామాను చూసి సిగ్గు వేసింది. మా అత్తమ్మ బీడీలు చుట్టిన జాగాలో ఇప్పుడు పాత కూలర్ ఉంది. ఈ ఆదివారం దాన్ని తీయించాను.

మనం ఎక్కడెక్కడి ఊళ్లలోనో స్థిరపడ్డాం. అరుగులున్న ఇళ్లు వదిలి వచ్చాం. అపార్టుమెంటులో అరుగు కట్టుకోలేం, నిజమే. అయినా మీ ఇంటి తలుపు పూర్తిగా తెరుచుకుంటుందో లేదో ఒకసారి తెరిచి చూడండి. తెరుచుకోకపోతే దాని వెనక ఏముందో తీసి లెక్కపెట్టండి. ఖాళీ అయిన జాగాలో ఇంకో వస్తువు కొని పెట్టకండి. ఒక స్టూలు పట్టేంత జాగా మిగిలితే, అందులో ఎవరు కూర్చోవాలో మీ ఇంట్లోవాళ్లకే తెలుస్తుంది.